సోమ్లీ గవ్వల కుదురు

మహబూబాబాద్ స్టేషన్‌లో బండి కోసం సోమ్లీ కూర్చున్నదంటే, ఎవరో ఒకరు సెల్‌ఫోన్ పైకెత్తకుండా ఉండరు. అద్దాలు కుట్టిన రవికె, మడమల దాకా ఊగే ఎర్ర పావడా, ముంజేతుల నిండా తెల్ల గాజులు, తలమీంచి నడుము దాటి వేలాడే ముసుగుగుడ్డ, దాని అంచు పొడుగునా గవ్వలు. పైచేతుల గాజులు మాత్రం లేవు. అవి మొగుడు లచ్చు పోయిన నాడు తీసేశారు. మిగతా వేషమంతా పెళ్లినాటిదే.

"తీస్కో బిడ్డా, తీస్కో" అంటుంది ఫొటో తీసేవాళ్లతో. "గవ్వల్నే తీస్తున్నవు, జర నా మొఖం గూడ తియ్యి."

గుట్టకింది తండాలో ఈ వేషం ఇంకా విడవని ఆడమనిషి ఆమె ఒక్కతే. పక్కింటి గోరీ, ఈమె ఈడుదే, ఎప్పుడో చీరలోకి మారింది. బస్సులో సీటు మీద కూర్చుంటే అద్దాలు గుచ్చుకుంటున్నాయని ఒకసారి, మెడ గుంజుతున్నదని ఇంకోసారి కారణం చెబుతుంది. సోమ్లీని చూస్తే మాత్రం ఆమెకు నోరు ఊరుకోదు. "ఎడ్లబండికి కట్టే గంటలన్నీ నువ్వే మోస్తున్నవే" అంటుంది. సోమ్లీ నవ్వి ఊరుకుంటుంది. ఆ గంటల చప్పుడు వినబడకపోతే వాకిట్లోకి వచ్చి ఆరా తీసే మొదటి మనిషి గోరీయేనని ఆమెకు తెలుసు.

సోమ్లీ సముద్రం చూడలేదు. ఒంట్లో సత్తువ ఉన్న కాలంలో మిరప కోతలకని గుంటూరు వైపు పోయేది. అక్కణ్ణుంచి సముద్రం ఒక పూట ప్రయాణం. నెలల తరబడి ఆ చేలల్లో వంగి, చేతులు మండి, అటువైపు తల తిప్పకుండానే తిరిగి వచ్చేది. సముద్రం చూసిన గవ్వలు ఆమె తలమీద, సముద్రం చూడని సోమ్లీ వాటి కింద.

ఈ గవ్వల కథ చెప్పాలంటే కాస్త పక్కదారి పట్టక తప్పదు. హిందూ మహాసముద్రంలో మాల్దీవులని చిన్న చిన్న లంకల గుంపు ఉంది. ఒకప్పుడు అక్కడివాళ్లు కొబ్బరి మట్టలు కోసి లోతులేని నీళ్లలో వదిలేవాళ్లు. గవ్వపురుగులు వాటిని పట్టుకుని వేలాడేవి. మట్టల్ని ఒడ్డుకు లాగి, గవ్వల్ని ఇసుకలో పూడ్చిపెడితే లోపలి మాంసం కుళ్లిపోయి, కడిగితే పింగాణీలాంటి పెంకు మిగిలేది. దాన్ని ఓడలకెత్తి బెంగాలుకు తెచ్చి బియ్యం పట్టుకుపోయేవాళ్లు. బెంగాల్లో, ఒడిశాలో అదే చిల్లర. ఒడిశాలో దొరలు శిస్తు గవ్వల్లో తీసుకోము, వెండి తెమ్మన్నప్పుడు రైతులు తిరగబడిన కారణాల్లో అదొకటి. ఇంకా పడమరకు పోయిన గవ్వల కథ అంత ముచ్చటైనది కాదు. తెల్లవాళ్లు వాటిని పీపాలకెత్తి ఆఫ్రికా తీరానికి పట్టుకెళ్లి, మనుషుల్ని కొన్నారు. ఇంత చిన్న పురుగు, అంత పాపం.

సముద్రం నుంచి మన మెట్ట నేలలకు గవ్వ ఎట్లా ఎక్కివచ్చింది? వ్యాపారి మూటలో వచ్చింది. ఉప్పూ ధాన్యమూ ఎడ్లమీద వేసుకుని దేశమంతా తిరిగిన లంబాడీల బిడారుల్లోనూ వచ్చే ఉంటుంది. తీరా వచ్చాక ఇక్కడివాళ్లు దాన్ని పూర్తిగా తమదాన్ని చేసేసుకున్నారు. జఫర్‌గఢ్ అరుగుల మీద ముసలివాళ్లకు పచ్చీసు ఆటలో గవ్వ కావాలి. మల్లన్న పూజారికీ, ఎల్లమ్మ పూజారికీ మెడలో గవ్వల పేరు కావాలి. చెరువుల్లో దొరికే ఆల్చిప్పనైనా వదల్లేదు మనవాళ్లు. దానికి నడుమ చిల్లు అరగదీసి మామిడికాయ చెక్కు తీశారు. నీటిపురుగు వదిలిపోయిన ఇంటిని ఇంతగా వాడుకున్న జాతి మనిషి తప్ప ఇంకొకటి లేదు. ఆ, ఖాళీ గవ్వలో కాపురముండే ఎండ్రకాయ ఉందనుకోండి.

సోమ్లీ దగ్గర ఉన్న గవ్వల్లో అన్నిటికన్నా పాతవి ఆమె తల్లి మంగ్లీ కుట్టిన కుదురుమీద ఉన్నాయి. బిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురు అది. చుట్టూ గవ్వల వరసలు. వెనక వీపుమీదికి జారే జానెడు వెడల్పు గుడ్డ, దానిమీదా గవ్వలే, చివర ఇత్తడి గజ్జెలు. గవ్వ గుడ్డమీద కదలకుండా కూర్చోవాలంటే దాని వీపు అరగదీయాలి. రాతిమీద ఇసుక, నీళ్లు పోసి, బొటనవేలితో నొక్కిపట్టి, ఉబ్బు పోయి లోపల కంత తేలేదాకా రుద్దాలి. అప్పుడు బోర్లా ఆనించి, నోరు పైకుండేటట్టు కుడతారు. బజారులో చిల్లిగవ్వ అంటే ఎందుకూ పనికిరానిది. తండాలో చిల్లి పడితేనే అది గవ్వ.

కుదురు పెట్టెలో పడి చాలా ఏళ్లయింది. అది బయటికి వచ్చేది తీజ్ పండగకే. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, మంచెమీద పెట్టి, తొమ్మిది రోజులు ఉపవాసముండి బావి నీళ్లు తెచ్చిపోస్తారు. తండాలో ఒక ఏడు చావు జరిగి, ఒక ఏడు పంట పోయి, ఆ తర్వాత మాయరోగం వచ్చి, తీజ్ ఆగిపోయింది. ఈ శ్రావణంలో చేద్దామని తండా పెద్ద నాయక్ చాటించగానే, సోమ్లీ ఆ రాత్రికే పెట్టె తెరిచింది. కళ్లకు పొర కమ్ముతోంది. మళ్లీ తీజ్ నాటికి చూపు ఉంటుందో ఉండదో. తల్లి కుదురు ఒక ఆడపిల్ల తలమీద, నీళ్ల బిందె కింద, బావి నుంచి మంచె దాకా నడిచిరావడం ఇంకొక్కసారి చూడాలి. ఇంతకుమించి ఆమె కోరిక లేదు. ఆ తల కూడా సిద్ధంగా ఉంది. జనగామలో నర్సింగు చదువుతున్న మనవరాలు శ్రీలత అప్పటికే సెలవుమీద ఇంటికి వచ్చి ఉంది.

"గజ్జెలు జూడు, ఎంత నల్లబడ్డయో" అన్నది సోమ్లీ, కుదురును వెలుతురుకు తిప్పి. "గిది నెత్తిన పెట్టుకుంటే పిల్లను చూసి నవ్వరా?"

శ్రీలత తల్లి, కోడలు రామి ఆ మాట విన్నది. రామి చీర కట్టే మనిషి, నాట్లకు పోయే మనిషి, మాట తక్కువ. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త ఆ పెట్టెను ఆమె చేతికి ఇచ్చింది లేదు. ఇవ్వనని చెప్పిందీ లేదు. చీర కట్టేదానికి ఎందుకులే అని సోమ్లీ అనుకున్నది.

మర్నాడు కొడుకు చత్రు తన ఆటోలోనే తల్లిని కళ్లు చూపించడానికి మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. శ్రీలత కూడా వెంట పోయింది. ఇంట్లో మిగిలిన రామికి ఒక మంచి ఆలోచన వచ్చింది. ఇత్తడి బిందెలైనా గజ్జెలైనా తండాలో చింతపండుతోనే తళతళలాడిస్తారు. బకెట్లో చిక్కగా చింతపండు పిసికి, ఉప్పువేసి, కుదురును వీపుగుడ్డతో సహా అందులో నానేసి నాట్లకు పోయింది. పోయేముందు వంగి చూసింది. గవ్వల చుట్టూ సన్నటి బుడగలు పుట్టి పైకి వస్తున్నాయి. మురికి వదులుతోంది, మంచిదే అనుకుంది.

సాయంత్రం ఆటో వచ్చి ఆగేసరికి కుదురు దండెం మీద ఆరుతోంది. గజ్జెలు బంగారంలా ఉన్నాయి. రామి చెంగుతో చేతులు తుడుచుకుని, నవ్వుమొఖంతో పక్కన నిలబడింది.

సోమ్లీ దగ్గరికి పోయి కుదురు చేతికి తీసుకుంది. బొటనవేలు గవ్వమీద జారలేదు, గరుకుగా ఆగిపోయింది. గవ్వలన్నీ సున్నం కొట్టిన గోడలాగ తెల్లగా, చచ్చుగా ఉన్నాయి. అంచులు పలచబడిన కొన్ని చిట్లి ఊడి దండెం కింద పడి ఉన్నాయి.

"ఏం జేసినవే దీన్ని?"

"చింతపండు పెట్టిన అత్తా. గజ్జెలు నల్లబడ్డయని నువ్వే అంటివి గద."

"గజ్జెలంటిని. గవ్వలంటినా?"

రామికి అప్పుడు తెలిసింది. కిందపడిన గవ్వ ఒకటి ఏరింది, చీరకు రుద్దింది, మళ్లీ రుద్దింది. మెరుపు రాలేదు.

గోడమీంచి గోరీ తల కనబడింది. "ఏందే సప్పుడు? అయ్యో, సోమ్లీ, ముగ్గుపిండిల పొర్లిచ్చిన్రా దీన్ని?"

"నీ నోట్ల పొర్లిచ్చిన. పో లోపలికి" అన్నది సోమ్లీ. రామిని మాత్రం ఏమీ అనలేదు. కుదురు పట్టుకుని లోపలికి పోయి, మంచంమీద పడుకుంది. రెండు తిట్లు తిట్టినా రామికి నయంగా ఉండేది. అన్నం వండింది, పెట్టింది, సోమ్లీ తిన్నది.

పొద్దున్నే శ్రీలత నాయనమ్మ పక్కన చేరింది. వాళ్ల భాషలో నాయనమ్మ దాదీ, అమ్మ యాడి.

"దాదీ, ఇటు జూడు. గవ్వ బతికున్నప్పుడు గిట్లుంటది."

ఫోన్‌లో నీలిరంగు నీళ్లు, రాయి, రాయిమీద గవ్వ. సోమ్లీ ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. గవ్వ కింది నుంచి మెత్తటి తోలు రెండు పక్కలా పైకి పాకింది, మెల్లగా, మెల్లగా, వీపు నడిమిన రెండు అంచులూ కలుసుకుని గవ్వ మొత్తం కనబడకుండా పోయింది. కాసేపటికి మళ్లీ కిందికి జారింది. జారినచోట నున్నటి మెరుపు.

"ముసుగేసుకుంటున్నది!" అన్నది సోమ్లీ, తన నెత్తిమీది గుడ్డ పట్టుకుని. "నా లెక్కనే ఉన్నది గద ముండ."

"ఆ తోలే దానికి మెరుపు పెట్టేది. బతికినన్ని దినాలు పైనుంచి పూసుకుంటనే ఉంటది. అందుకే దానికి నాచు పట్టదు, గీతలు పడవు. గవ్వంటే సున్నమే దాదీ. పులుపు తగిలితే పైపొర కరిగిపోతది. యాడి చూసిన బుడగలు మురికి కాదు, గవ్వే."

"మల్ల పూసేటోళ్లు లేరా?"

"ఆ పురుగే పుయ్యాలె. అది సచ్చిపోయి ఎన్నేండ్లాయెనో."

సోమ్లీ ఆ బొమ్మను మళ్లీ పెట్టించుకుని చూసింది. మంగ్లీ చేతికి వచ్చేనాటికే ఆ గవ్వ చచ్చి ఎంత కాలమైందో. మంగ్లీ పోయి ఎంత కాలమైందో. ఎవరో చేసిపెట్టిన మెరుపు ఇన్నాళ్లు నిలిచింది. ఒక బకెట్టు దాన్ని తినేసింది. తప్పు రామిది కాదనీ, గజ్జెల మాట తనే అన్నదనీ ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా, "పెట్టెల పెట్టు దాన్ని" అన్నది మనవరాలితో. "ఉత్త సుట్టబట్ట పెట్టుకుని నీళ్లు తే. సున్నపు ముద్దలు నెత్తిన పెట్టుకుంటవా?"

శ్రీలత పెట్టెలో పెట్టలేదు. పెట్టనని గొడవా పడలేదు. కుదురును కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

మంచె కట్టే రోజున పోశాలు వచ్చాడు. జఫర్‌గఢ్ మనిషి. మోపెడ్‌కు ముందొక డబ్బా, వెనకొక డబ్బా కట్టుకుని పూసలు, సూదులు, పిన్నీసులు, రిబ్బన్లు అమ్ముతాడు. ఒకవారం జనగామ వైపు తిరిగితే, ఇంకోవారం టేకుమట్ల దాటి భూపాలపల్లి దాకా పోతాడు. తీజ్ అని తెలిసే వచ్చాడు. హారను చప్పుడుకే రామి బయటికి ఉరికింది.

"పోశాలన్నా, గవ్వలున్నయా?"

"గవ్వలు లేకుంటే నేనెందుకుంట చెల్లె? ఇగో జూడు." ప్లాస్టిక్ సంచి విప్పి దోసెడు చూపించాడు. అన్నీ ఒకే కొలత, ఒకే తెలుపు, అద్దంలా మెరుస్తున్నాయి.

అత్త తలుపు దగ్గరి నుంచే చూసింది. మూడు రోజులుగా ఆమె వాకిట్లోకి రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఒక గవ్వ తీసుకుని నోట్లో పెట్టి పంటితో కొరికింది. తీసి అతని డబ్బాలో పడేసింది.

"పిలాస్టిక్. సల్లగ లేదు, పంటికి కరకర లేదు."

"సోమ్లక్కా, నీకు కండ్లు కనబడయనిరి!"

"పండ్లున్నయి గద."

పోశాలు నవ్వి, డబ్బా అడుగు నుంచి ఇంకో మూట తీశాడు. "ఇవి అసలువి. పచ్చీసు ఆడే ముసలోళ్ల కోసం దెచ్చిన. వీపు అరగదీసినయి గావు, నిండువి. మీకు అక్కరకు రావని సూపెట్టలే."

ఎక్కువ లేవు. ఊడిన గవ్వల జాగా నింపడానికి మాత్రం వస్తాయి. రామి అత్త మొఖంలోకి చూసింది. "తీస్కుందమా? అరగదీసుడు నాకు సూపెడితే నేను తీస్త."

"నీకెందుకే? నువ్వు సీర కట్టేదానివి."

"సీర కట్టుకుంటే చేతులు పడిపోతయా అత్తా?"

అన్నాక తనే భయపడింది. ఇన్నేళ్లలో అత్తకు ఎదురు చెప్పడం అదే మొదలు. పోశాలు మూతి బిగించి, రిబ్బన్లు సర్దుతున్నట్టు నటించాడు. గోడమీద గోరీ తల మళ్లీ లేచింది.

సోమ్లీ కోడలి చేతులు చూసింది. నాట్లకు తడిసి, వేళ్ల కొసలు ముడతలు పడి ఉన్నాయి. "పడిపోవు" అన్నది. "ఆ బండమీద ఇసుక పొయ్యి. సన్నదే పొయ్యి, మొరం పోస్తే పగుల్తది."

ఆ మధ్యాహ్నమంతా బండ దగ్గరే గడిచింది. మొదటి గవ్వ రామి వేలి కింది నుంచి జారి ఎగిరి కోడిపిల్లలకు తగిలింది. రెండోది మరీ అరిగి రెండు ముక్కలైంది. "నొక్కకు. ఆన్చు. నీ బరువు కాదు, ఇసుక బరువు పడాలె" అంటూ సోమ్లీ కోడలి బొటనవేలు పట్టుకుని తిప్పింది. తల్లి తన వేలు పట్టుకుని తిప్పినప్పుడు ఇదే మాట అన్నదా? గుర్తు లేదు. చెయ్యికి గుర్తుంది. మూడో గవ్వకు కంత తేలింది.

సూది ఎక్కించడం సోమ్లీకి చేతకాలేదు. రామి ఎక్కించి ఇచ్చింది. పాత గవ్వలు ఊడినచోట మంగ్లీ వేసిన దారం, రంగు పోయి, ముడి పోకుండా ఉంది. ఆ ముడిని కొయ్యకుండా దాని పక్క నుంచే కుట్టారు. సాయంత్రానికి కుదురు నిండింది. కానీ చూడటానికి బాగాలేదు. తెల్లగా చచ్చిన గవ్వల నడుమ కొత్తవి మెరుస్తూ, అతుకులు వేసిన బొంతలాగ ఉంది.

"ముసలిదాని నోట్ల బంగారు పన్ను పెట్టినట్టున్నది" అన్నది గోరీ, ఈసారి వాకిట్లోకే వచ్చి.

"నీకు అసలు పన్నే లేదు గద" అన్నది సోమ్లీ. అంటూనే కుదురును మనవరాలి వైపు జరిపింది. "పెట్టుకుంటవా, సిగ్గయితదా?"

"పెట్టుకుంట" అన్నది శ్రీలత.

పండగ మొదటి పొద్దు వాన కురిసి వెలిసింది. బావి తండాకు అవతల చేలగట్టున ఉంది. ఇంటింటికీ నల్లా ఉన్నా తీజ్‌కు నల్లా నీళ్లు పనికిరావు. సోమ్లీ మంచె దగ్గర పీటమీద కూర్చుంది, పక్కన రామి. ఆడపిల్లలు పాడుకుంటూ గట్టుమీద వరసగా వస్తున్నారు. సోమ్లీకి వాళ్లు రంగుల మరకల్లాగ కనబడుతున్నారు, అంతే.

"శ్రీలత ఎక్కడున్నదే?"

"మూడోది అత్తా. ఆకుపచ్చ లంగా."

"కుదురు?"

రామి మెడ చాచి చూసింది. బిందె మెడదాకా ముంచి తెచ్చింది పిల్ల. నడకకు నీళ్లు తొణికి, బిందె పొట్టమీంచి పారి, కుదురు చుట్టూ తడిపి, వీపుగుడ్డ పొడుగునా గజ్జెల దాకా కారుతున్నాయి. సున్నంలా ఉన్న గవ్వలు నీళ్లు తాగి, పసుపురంగు తేలి, నోటి పళ్లు ఒక్కొక్కటీ కనబడేటట్టు నిగనిగలాడుతున్నాయి.

"మెరుస్తున్నయి అత్తా" అన్నది రామి. "అన్నీ."

"కొత్తవి మెరుస్తయి తియ్యి."

"అన్నీ అంటున్న. ఏవి మనం కుట్టినయో, ఏవి మీ యాడి కుట్టినయో తెలుస్తలేవు."

సోమ్లీ లేచి నిలబడింది. శ్రీలత దగ్గరికి వచ్చేదాకా కళ్లు చికిలించి చూసింది. మొఖం కంటికి ఆనలేదు, బిందె ఆనలేదు. తలచుట్టూ ఒక వెలుగు ఉంగరం, వెనక ఊగుతున్న వెలుగు తోక, అది మాత్రం ఆనింది. గజ్జెల చప్పుడు ముందు వినబడి, వెలుగు వెనక వచ్చింది. చిన్నప్పుడు తల్లి నీళ్లు తెచ్చేటప్పుడు వెనక నడిచిన పిల్లకు కనబడిందీ ఇంతే. ముఖం కాదు, వీపుమీద తడిసిన గవ్వలు.

శ్రీలత మంచె ఎక్కి బుట్టల్లో నీళ్లు పోసి దిగింది. కుదురు తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది. అది ఇంకా చల్లగా, తడిగా ఉంది. సోమ్లీ బొటనవేలితో గవ్వ గవ్వనూ తడిమింది. ఎండ కాస్త పైకి వచ్చింది. వేలి కింద ఒక అంచు గరుకు తేలుతోంది.

కుదురును తిరిగి మనవరాలి తలమీద పెట్టి, వీపుగుడ్డ సవరించి, కోడలితో అన్నది:

"ఆరిపోతున్నయే రామీ. ఇంకో బిందె తెమ్మను. నిండ ముంచుమను."